దక్షిణం వాకిలి

మేం అద్దెకుంటున్న రాతి ఇంటి గోడ మందం ఇరవై రెండు అంగుళాలు. ఇల్లు చూడటానికి వెళ్లిన రోజే కిటికీ తెరిచి, సంచిలోంచి టేపు తీసి కొలిచాను. ఇంటావిడ నవ్వింది. వచ్చినవాళ్లంతా వేడినీళ్లు వస్తాయా, ఫోన్ సిగ్నల్ అందుతుందా అని అడిగారు గానీ గోడ కొలిచినవాళ్లను మాత్రం ఇంతవరకు చూడలేదంది.

నాకు అది అలవాటు. లెక్కలు నాకు బడిలో వచ్చినవి కావు. పదో తరగతితో చదువు ఆగిపోయాక, బేతంచెర్ల దగ్గర మా మేనమామ నాపరాళ్ల కోత మిషను పక్కన కూర్చునేదాన్ని. లారీకెక్కే బండలను చూస్తూ చూస్తూ చదరపు అడుగులు నోటితోనే చెప్పడం వచ్చేసింది. ఇప్పుడు ఈ దేశంలో నేను చేసే పని కూడా అలాంటిదే. మేమిప్పుడుంటున్న ఊళ్లో ఇళ్లు కట్టే సామాను అమ్మే దుకాణంలో ఉంటాను. ఎవరైనా వచ్చి గది పొడవు, వెడల్పు చెబితే రంగు ఎన్ని డబ్బాలు పడుతుందో, ఇసుక ఎన్ని బస్తాలు కావాలో చెప్పి పంపుతాను. కంప్యూటరు చెప్పేలోపల చెప్పగలను. ఒక్కోసారి కంప్యూటరు తప్పు చెబితే, అది తప్పని కూడా చెప్పగలను.

ఊరంటే చిన్న ఊరే. కాన్‌బెర్రాలో గంగాలిన్ శివారు దాటి గంటకు పైగా కారులో పోతే వస్తుంది. మా ఆయనకు ఇక్కడి ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే ఉద్యోగం దొరికింది. అంతకుముందు సిడ్నీలో, టూంగాబీలో ఉండేవాళ్లం. మేమూ, మా మరిది కుటుంబమూ ఒకే భవనంలో మూడో అంతస్తు. లిఫ్టు లేదు. మా అత్తకు మోకాళ్లు బాగా అరిగిపోయాయి. మెట్లు దిగితే ఎక్కలేదు, ఎక్కితే దిగలేదు. వంటింటి కిటికీ దగ్గర ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, కిందున్న కార్ల పార్కింగు చూస్తూ కూర్చునేది. ఎవరి కారు ఎప్పుడొస్తుందో, ఎవరింట్లో గొడవైందో ఆమెకు తెలుసు. ఆ మనుషులకు మాత్రం ఈమె తెలియదు.

మాకు ఈ ఊరికి రావలసి వచ్చినప్పుడు, ఇక్కడ నేల మీద ఇల్లు దొరికితే అత్త మాతో రావాలనీ, లేకపోతే మరిది దగ్గరే ఉండిపోవాలనీ అనుకున్నాం. ఊళ్లో అద్దెకు ఇళ్లు లేవు. ఉన్నదల్లా ఊరి బయట, గొర్రెల మేత భూముల మధ్య, ఈ రాతి ఇల్లు ఒక్కటే.

రెండోసారి చూడటానికి వెళ్లినప్పుడు అత్తను తీసుకుపోయాం. ఆమె కారు దిగి లోపలికి పోలేదు. నేరుగా గోడ దగ్గరికి పోయి వేలి కణుపులతో తట్టి, చెవి పెట్టింది. మా వైపు బండ కొనేవాళ్లు అలాగే చేస్తారు, లోపల డొల్ల ఉందేమోనని. ఆమె పుట్టింది, పెరిగింది, కాపురం చేసింది అంతా నాపరాతి ఇళ్లలోనే.

“గట్టి రాయి. నేనీడ ఉంటా,” అంది. మమ్మల్నెవరినీ అడగలేదు.

ఆ ఇంటిని కట్టింది ఇంటావిడ పూర్వీకులు. స్కాట్లాండులో ఏదో పల్లె నుంచి ఓడెక్కి వచ్చినవాళ్లు. అక్కడ వదిలి వచ్చిన ఇల్లు ఎలా ఉండేదో, ఇక్కడి రాయితో అలాగే కట్టుకున్నారట. రెండు వైపులా పొగగొట్టాలు, మధ్యలో తలుపు, తలుపుకు అటొకటి ఇటొకటి కిటికీ. రాళ్ల మధ్యన సున్నమే తప్ప సిమెంటు లేదు. పాత కట్టడాల జాబితాలో చేర్చిన ఇల్లు కాబట్టి బోలెడు షరతులు. గోడకు మేకు కొట్టకూడదు. తలుపు రంగు మార్చకూడదు. సిమెంటు ముట్టించకూడదు. కిటికీ అద్దం పగిలినా మనకు నచ్చింది పెట్టుకోవడానికి లేదు. ఇంటావిడ ఎనభై దాటిన మనిషి. ఊళ్లో చిన్న ఇటుకల ఇంట్లో ఉంటుంది గానీ మనసంతా ఇక్కడే. షరతులన్నీ ఒక్కొక్కటే చెబుతుంటే మా ఆయన తెలుగులో, “మనం అద్దెకు దిగుతున్నామా, మ్యూజియంలో వాచ్‌మన్ జాబ్‌కి చేరుతున్నామా?” అన్నాడు.

అత్తకు ఇల్లంతా నచ్చింది, ఒక్కటి తప్ప. ముందు తలుపు దక్షిణం వైపుంది.

సామాను దించే రోజు ఆ సంగతి తెలిసి గడప దగ్గరే నిలబడిపోయింది. దక్షిణం వాకిలి యమస్థానం గదా, తెలిసి తెలిసి ఎట్ల దిగుతామంది. నేను ఇంటావిడను అడిగాను. ఆమె నవ్వుతూ చెప్పింది. స్కాట్లాండులో ఎండ దక్షిణం నుంచి వస్తుంది. ఇల్లు దక్షిణానికి తిప్పి కట్టుకుంటే చలికాలంలో కాస్త వెచ్చగా ఉంటుంది. ఈ దేశంలో సూర్యుడు ఉత్తరం వైపు నుంచి పోతాడని తెలిసి కూడా ఆ ముత్తాత చేతులు పాత అలవాటునే కట్టేశాయి. అందువల్ల ఇంటి ముఖానికి చలికాలమంతా ఎండే తగలదు. ఇంట్లోవాళ్లు ఎన్ని తరాలుగానో ఆయన్ను తిట్టుకుంటున్నారట.

అత్తకు ఇదంతా చెప్పాను. “సరే, దానికి చేసేది నేను చేసుకుంటాలే,” అంది. ఏం చేస్తుందో నేను అడగలేదు.

ఆమె చేసింది ఏమిటంటే, మరుసటి రోజు నుంచి తెల్లవారకముందే లేచి ఆ గడప కడగడం. వాకిలి కడగడం మాకు కొత్త కాదు. కానీ మామూలుగా మనిషి రెండు చెంబులతో సరిపెట్టుకునే పనిని ఈమె బకెట్టు నిండా నీళ్లతో చేసింది. ఆ నీళ్లలో పసుపు, గుప్పెడు రాళ్లుప్పు. దక్షిణం వాకిలికి అంత మాత్రం చేయకపోతే ఎట్లా అని ఆమె లెక్క. కడిగి, గడపకు పసుపు రాసి, కింది బండ మీద ముగ్గు వేసేది. నేను లేచేసరికి అంతా అయిపోయి ఉండేది. పగలంతా ఆ తలుపు పక్కన బెంచీ మీద కూర్చుని గొర్రెలను, దారిన పోయే పాల ట్యాంకర్లను చూసేది. పోస్టు తెచ్చే అమ్మాయి చెయ్యి ఊపితే ఈమె కూడా ఊపేది. టూంగాబీలో మూడేళ్లలో మాట్లాడనంత మందిని ఇక్కడ మూడు నెలల్లో పలకరించింది. అందులో సగం కుక్కలు.

జనవరిలో దిగాం. జూన్‌లో, ఇక్కడి చలికాలం ముదిరాక, ముందు గదిలో తలుపుకు కుడి పక్కన గోడ అడుగున నల్లటి తడి మరక కనిపించింది. అరచేయంత. వారం తిరిగేసరికి పళ్లెమంత అయింది. దాని అంచున తెల్లటి పొడి పూసింది. ముట్టుకుంటే సున్నం పొరలు పొరలుగా రాలింది. మా వైపు దీన్ని గోడకు చౌడు పట్టిందంటాం.

ఇంటావిడకు ఫోన్ చేశాను. మరక చూసి ఆమె ముఖం పాలిపోయింది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఆ గోడకు తడి లేదంది. సెప్టెంబరులో, ఇక్కడి వసంతంలో, పాత కట్టడాల అధికారి చూడటానికి వస్తాడట. తడి తలుపు చట్రంలోకో, నేల చెక్కల కింది దూలాల్లోకో దిగిందని తేలితే నేలంతా విప్పాలి. అంటే ఇల్లు ఖాళీ చేయాలి. ఆ పని ఏడాది పడుతుందో రెండేళ్లు పడుతుందో చెప్పలేం. మమ్మల్ని పంపడం తనకూ ఇష్టం లేదనీ, కానీ ఇల్లు తన ఒక్కదానిది కాదనీ ఆమె నెమ్మదిగా చెప్పింది.

ఆ రాత్రి భోజనాలకు కూర్చున్నాం. ఇల్లు పోతే మా ఇద్దరికీ ఆసుపత్రి వెనకాల ఒక గది దొరుకుతుంది. అత్తకు మాత్రం మళ్లీ ఆ మూడో అంతస్తే. ఆమెకు ఇది ఎవరూ చెప్పలేదు. చెప్పనక్కర్లేదు. కంచంలో అన్నం కలుపుతూ, “వాడింట్లో ఆ ప్లాస్టిక్ కుర్చీ ఉందో పారేసినారో,” అంది.

తడి ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టాలని కూర్చున్నాను. ముందు గట్టర్లను అనుమానించాం. మా ఆయన నిచ్చెన వేసుకుని యూకలిప్టస్ ఆకులన్నీ తీశాడు. తడి తగ్గలేదు. కప్పు మీద పడే వాన ఎంత, ట్యాంకులోకి చేరుతున్నది ఎంత అని లెక్క కట్టాను. మేం వాడుకునేది ఆ వాన నీళ్లే కాబట్టి ట్యాంకు మట్టం నేను ఎప్పుడూ చూస్తూనే ఉంటాను. వచ్చిందీ, వాడిందీ, మిగిలిందీ సరిపోయాయి. కప్పు నుంచి చుక్క కూడా దారి తప్పడం లేదు. వాన లేని వారాల్లో సైతం మరక పెరుగుతూనే ఉంది. పైనుంచి రావడం లేదు, పైపుల్లోంచీ రావడం లేదు. అయినా గోడ తడుస్తోంది.

“గట్టర్లు క్లీన్ చేసినా, డౌన్‌పైప్ చెక్ చేసినా, ఇంకేం చేయమంటావ్? గోడకు ఎక్స్‌రే తీయాల్నా?” అని మా ఆయన విసుక్కున్నాడు.

మరక అంచున చిన్న చిన్న టేపు ముక్కలు అతికించి పెట్టాను, ఎటు జరుగుతోందో తెలియడానికి. టేపుకు ఇంటావిడ అనుమతి తీసుకున్నాను.

జులైలో మరిది కూతురు పుట్టినరోజుకు అత్త టూంగాబీ వెళ్లింది. జలుబు చేసి అక్కడే కొన్ని వారాలు ఆగిపోయింది. ఆ వారాల్లోనే మరక టేపు ముక్కల వెనక్కి తగ్గింది. వానలు పడ్డాయి, మంచు కురిసింది, అయినా తగ్గింది. నేను సంతోషించాను గానీ కారణం తెలియని సంతోషం నాకు నిలవదు. ఏం మారిందా అని ఇల్లంతా వెతికాను. ఏమీ మారలేదు. ఇంట్లో ఒక మనిషి లేదు, అంతే. ఆ తేడా నా లెక్కలోకే రాలేదు.

అత్త తిరిగొచ్చిన మర్నాడు దుకాణంలో సరుకు లెక్కపెట్టే పని ఉండి నేను తెల్లవారుతూనే లేచాను. ముందు తలుపు తెరిచి ఉంది. అత్త శాలువా చుట్టుకుని, బకెట్టులోంచి చెంబుతో నీళ్లు ముంచి గడప మీద పోస్తోంది. నేను టీ గ్లాసు పట్టుకుని నిలబడి చూశాను. గడప కింది బండ ఎన్నో కాళ్ల కింద అరిగి, కాలక్రమంలో ఇంటి వైపు ఒరిగి ఉంది. పోసిన నీళ్లు బయటికి పోలేదు. వెనక్కి తిరిగి, తలుపు చట్రం పక్కకు చేరి, బండకూ గోడకూ మధ్య సందులోకి నిశ్శబ్దంగా దిగిపోయాయి. మిగిలిన తడిని అత్త చీపురుతో ఊడ్చి, నడుం పట్టుకుని లేచింది.

ఆమె పోస్తున్న నీళ్లు ట్యాంకు లెక్కలో ఎందుకు కనిపించలేదో అప్పుడు అర్థమైంది. నీళ్లకు కరువున్న చోట పెరిగిన మనిషి. వాకిలికని కొత్త నీళ్లు పట్టదు. బియ్యం కడిగినవీ, ఆకుకూరలు కడిగినవీ, ముందురోజువన్నీ ఒక బకెట్టులో పోసి ఉంచుకుంటుంది. నా లెక్కలో అవి ఎప్పుడో సింకులోంచి వెళ్లిపోయిన నీళ్లు.

దుకాణంలో ఆ పూటంతా అదే ఆలోచన. ఆ బండ వెడల్పుకు ఏడాది పొడవునా ఎంత వాన పడుతుందో, అత్త దాదాపు ఒక్క నెలలో అన్ని నీళ్లు పోస్తోంది. పైగా ఉప్పు. మా వైపు ఎండకు అవి నిమిషాల్లో ఆరిపోయేవి. ఇక్కడ ఆ గోడకు చలికాలమంతా ఎండ లేదు. ఒక ముత్తాత తన ఊరి అలవాటుతో ఇంటిని నీడలోకి తిప్పాడు. మా అత్త తన ఊరి అలవాటుతో ఆ నీడలో నీళ్లు పోస్తోంది. ఇద్దరూ ఇంటి మేలు కోరి చేసిన పనులే.

మా ఆయనకు చెప్పాను. “అమ్మకు నువ్వే చెప్పు,” అన్నాడు.

“మీ అమ్మే కదా, మీరే చెప్పండి.”

“నీ దగ్గర లెక్క ఉంది. నా దగ్గర ఏముంది? నేను చెబితే నన్ను తిడుతుంది. నువ్వు చెబితే కనీసం వింటుంది.”

మరుసటి ఉదయం నేనే చెప్పాను. అత్తను మరక దగ్గరికి తీసుకుపోయి, ఆమె చెయ్యి గోడకు ఆనించి, గడప కింది బండ వాలు ఎటుందో చూపించాను. సగం కూడా చెప్పకముందే ఆమెకు తెలిసిపోయింది.

“నేను పోసిన నీళ్లేనా?”

“అవునత్తా.”

“ఉప్పు గూడా పోసినా.” చేతికంటిన తెల్లపొడిని చీరకు తుడుచుకుంది. “రాతి ఇంట్లో పుట్టినదాన్ని. ఉప్పు రాతిని తింటాదని నాకు తెల్వదా?” అని వంటింట్లోకి పోయింది.

ఆ రోజు నుంచి ముందు తలుపు తెరవడం మానేసింది. కడగని దక్షిణం గడప దాటలేదు, కడిగితే గోడ పోతుంది. కాబట్టి బెంచీ మీద కూర్చోవడమూ మానేసింది. పోస్టు తెచ్చే అమ్మాయి రెండుసార్లు హారన్ కొట్టి చూసింది. అత్త వంటింట్లో బల్ల పక్కన కుర్చీలో, చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చునేది. టూంగాబీలో ఎలా కూర్చునేదో అలాగే. ఒక మధ్యాహ్నం నేను పని నుంచి వచ్చేసరికి మరిదితో ఫోన్‌లో మాట్లాడుతోంది. వచ్చే శనివారం వచ్చి తీసుకుపొమ్మంటోంది. వాడు ఏమన్నాడో గానీ, “వాళ్లేమీ అనల్యా. నేనే పరాయివాళ్ల ఇల్లు పాడు చేసినా. ఇంగ ఏ మొగం పెట్టుకొని ఈడ ఉంటా?” అంది.

గోడ ఆరుతోంది. రోజురోజుకూ మరక తగ్గుతోంది. అధికారి వచ్చేనాటికి బహుశా ఇల్లు నిలబడుతుంది. కానీ ఆ ఇల్లు ఎవరి కోసం తీసుకున్నామో ఆమే వెళ్లిపోతోంది. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసుకుంటే, నేను కనిపెట్టినందుకు ఏం లాభమో నాకు తెలియలేదు.

ఆ శనివారానికి ముందే ఇంటావిడ వచ్చింది, గోడ ఎలా ఉందో చూడటానికి. ఎప్పటిలాగే, వెనక సామాను తొట్టి ఉండే తన పాత యూట్ బండిని చెట్టు కింద ఆపి, వెనక తలుపు తోసుకుని నేరుగా వంటింట్లోకి వచ్చి కూర్చుంది. తన తోటలో కాసిన నారింజలు ఒక సంచి నిండా తెచ్చింది. మరక తగ్గిందని నేను చెప్పబోతుంటే అత్త నన్ను ఆపింది.

“అమ్మీ, నేను చెప్పేది చెప్పినట్టే దొరసానికి చెప్పు. నీ తెలివి కలపొద్దు.”

చెప్పినట్టే చెప్పాను. నీళ్లు పోసింది తానేననీ, ఉప్పు కలిపింది తానేననీ, కోడలికీ కొడుక్కీ సంబంధం లేదనీ, తాను వెళ్లిపోతున్నాననీ, వాళ్లను మాత్రం ఉండనివ్వమనీ. ఇంటావిడ అంతా విని, అసలు రోజూ ఎందుకు కడిగారని అడిగింది. కోపంగా కాదు, తెలుసుకోవాలని. దక్షిణం వాకిలి గురించి, యముడి గురించి చెప్పాను. ఆమె కళ్లజోడు తీసి తుడుచుకుంటూ నవ్వింది. ఆ తలుపు గురించి మా వాళ్లకంటే ముందు మీవాళ్లకే సరిగ్గా తెలిసిందే అంది.

“ఆ తలుపు మేమెవరం తెరిచేవాళ్లం కాదు. పాదిరిగారు వస్తే తెరిచేవాళ్లం. ఇంట్లోంచి శవపేటిక పోయేటప్పుడు తెరిచేవాళ్లం. నేను పుట్టాక మొత్తం మీద ఎన్నిసార్లు తెరిచారో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అద్దెకొచ్చినవాళ్లకు మర్యాదగా ఉంటుందని మీకు ఆ తాళం ఇచ్చాను.”

నేను తెలుగులో చెప్పగానే అత్త నోరు తెరుచుకుంది. “శవం పోయే తలుపా! దాన్నా నేను దినాము కడుగుతాండేది?”

ఆమె ముఖం చూసి నాకు నవ్వాగలేదు. ఇంటావిడకు కూడా. కాసేపటికి అత్త కూడా నవ్వు ఆపుకోవడానికి మూతి బిగబట్టుకుంది. తర్వాత ఏదో ఆలోచన వచ్చినట్టు అడిగింది. “మరి వీళ్ల అవ్వ, ఆయమ్మ యాడ కడుగుతాండె? అడుగు.”

ఇంటావిడ చేతికర్ర పట్టుకుని లేచి, వంటింటి తలుపు బార్లా తెరిచింది. బయట ఇంకో రాతి మెట్టు. ఆమె చెప్పింది. తన నాయనమ్మ ప్రతి శనివారం మోకాళ్ల మీద కూర్చుని ఈ మెట్టునే తోమేదట. తోమి, ఆరాక, తెల్లటి మెత్తటి రాతిముక్కతో మెట్టు అంచు వెంబడి చుట్లు చుట్లుగా గీత గీసేదట. ఎక్కడా తెగకుండా. తెగితే కీడు లోపలికి వస్తుందని స్కాట్లాండులో ఆమె తల్లి చెప్పిందట. తన తల్లి కాలానికి ఆ అలవాటు పోయిందట. అదంతా తనకు గుర్తుందని కూడా ఇంతవరకు గుర్తులేదంది.

అత్త లోపలికి పోయి ముగ్గుడబ్బా తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. ఇంటావిడ వంగలేక, పక్కనున్న చిన్న పీట మీద కూర్చుని, పిండిని ఎలా వదలాలో తెలియక గుప్పెట్లోంచి రాలుస్తూ మూడు చుట్లు గీసింది. నాలుగోది ఎటు తిప్పాలో మరిచిపోయి ఆగింది.

“దొరసానికి చెయ్యి తిరగల్యా. పిండి అంతా పారబోసె,” అంది అత్త.

ఏమంటోందని ఇంటావిడ నన్ను అడిగింది. బాగుందంటోందని చెప్పాను. అక్కడ కొంచెం నా తెలివి కలిపాను.

అత్త మెట్టు మీదికి దిగి నిలబడింది. ఎండ ఆమె ముఖం మీద సూటిగా పడింది. కళ్లు చిట్లించి పైకి చూసింది, తర్వాత నా వైపు చూసింది.

“ఇది ఏ దిక్కు?”

“ఉత్తరం అత్తా.”

“ఇన్ని నెలల నుంచి ఎవురూ చెప్పల్యా నాకు.”

ఎవరూ చెప్పలేదన్నది నిజమే. ఆ తలుపు గుండా రోజూ చెత్త బయటికి తీసుకుపోయేవాళ్లం, బట్టలు ఆరేసేవాళ్లం. దాన్ని వాకిలి అనుకోలేదు, అంతే. నేను ఒక గ్లాసు నీళ్లు తెచ్చి మెట్టు మీద పోశాను. గోడ వైపు చుక్క కూడా రాలేదు. నీళ్లన్నీ అంచు దాటి కింద కొత్తిమీర మడిలోకి పోయాయి. మేం అక్కడే నిలబడి మాట్లాడుతుండగానే మెట్టు సగం ఆరిపోయింది.

ఇంటావిడ ఒకే ఒక మాట అడిగింది, ఈ మెట్టును రోజూ కడుక్కున్నా ఉప్పు మాత్రం వద్దని. అత్త దానికి అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. ఉప్పు లేకుంటే దిష్టి ఎట్లా అని నాతో వాదించింది. ఇక్కడ మనల్ని చూసేవి గొర్రెలే గదత్తా అన్నాను. గొర్రె కండ్లు మంచివి కావని తనకు తెలుసంది. చివరికి ఉప్పు మానేసింది, బకెట్టు కాకుండా రెండు చెంబులకు తగ్గింది. ఇంటావిడ వెళ్లిపోయాక మరిదికి తనే ఫోన్ చేసి, శనివారం రావలసిన పని లేదని, వస్తే మాత్రం వెనక నుంచి రమ్మని చెప్పింది. వెనక అంటే ఏ వెనక అని వాడు అడిగినట్టున్నాడు. దాని గురించి వాళ్లిద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు.

ఇల్లు అలా తిరిగింది. చెప్పులు విడిచే చోటు మారింది. బెంచీని మా ఆయనా నేనూ మోసుకొచ్చి వంటింటి మెట్టు పక్కన వేశాం. బయటి దీపం స్విచ్ ఏ గోడకుందో కొత్తగా గుర్తుపెట్టుకున్నాం. ఇక్కడి నుంచి రోడ్డు కనిపించదు కాబట్టి పోస్టు అమ్మాయిని ఇటు రమ్మని అత్త సైగలతో నేర్పింది. ఇంట్లో ఒక రాయి కదలలేదు, ఒక మేకు కొట్టలేదు. జాబితాలో రాసిన షరతుల్లో ఇంటికి ముందు ఏదో, వెనక ఏదో మనం అనుకోవడం గురించి ఏమీ లేదు. నేను మొత్తం చదివాను.

సెప్టెంబరు చివర్లో అధికారి వచ్చాడు. చేతిలో తడి కొలిచే చిన్న పరికరం ఉన్న కుర్రాడు, ముప్పై దాటి ఉండవు. నేను ముందు గదిలో కిటికీ దగ్గర నుంచి చూస్తున్నాను. పద్ధతి ప్రకారం దక్షిణం తలుపు దగ్గరికి పోయి, బూట్లు దులుపుకుని, తట్టాడు. నేను తీయబోయాను. చాలా రోజులు తెరవక ఆ తలుపు బిగుసుకుపోయి ఉంది, రాలేదు. అతను మళ్లీ తట్టాడు.

ఇంటి అవతలి పక్క నుంచి అత్త గొంతు వినబడింది, తెలుగులోనే. “ఇట్ల రా నాయనా. వాకిలి ఈడుంది.”

అతనికి ఏం అర్థమైందో తెలియదు. గొంతు వచ్చిన వైపు ఇల్లు చుట్టి వచ్చాడు. మెట్టు మీద ముగ్గు చూసి, తొక్కకుండా పెద్ద అడుగు వేసి లోపలికి వచ్చాడు. తలుపు పక్క గోడకు, చట్రానికి, నేల చెక్కలకు పరికరం ఆనించి చాలాసేపు చూశాడు. నేను పక్కనే నిలబడి అంకెలు చూశాను. గోడ అడుగున ఇంకా కొంచెం ఎక్కువే. చెక్కల్లో మాత్రం లేదు. రాలిన చోట సున్నం మళ్లీ వేయించాలనీ, ఉప్పు మరక పూర్తిగా పోవడానికి ఒకటి రెండు వేసవులు పడుతుందనీ, నేల విప్పాల్సిన పని లేదనీ చెప్పాడు.

అత్త వంటింటి గుమ్మంలో నిలబడి అతని నోటి వంకే చూస్తోంది.

“ఏమంటాండాడు?”

“ఉండొచ్చంట అత్తా.”

ఆమె తల ఊపి, పొయ్యి వైపు తిరిగింది. “కాఫీ పెడతాండా. తాగి పొమ్మను,” అంది.